విరుగుడు లేని మందు

మేడ్చల్ రోడ్డుకూ శామీర్‌పేట రోడ్డుకూ మధ్య పల్లెలన్నీ ద్రాక్షతోటలతో నిండి ఉన్న రోజుల్లో, మందు కొట్టే పనిలో జక్కయ్యను మించినవాడు లేడని చెప్పుకునేవారు. ద్రాక్షకు మందు కొట్టడం మిరపకో పత్తికో కొట్టినట్టు కాదు. తీగ తలపైన పందిరి మీద ఉంటుంది. మందు చిమ్మే గన్ను పైకెత్తి కొట్టాలి. ఆకుల అడుగు తడవాలి, గుత్తుల మీద మచ్చ పడకూడదు. కొట్టిన మందులో సగం ఆకుకు అంటితే సగం కొట్టేవాడి ముఖం మీదా భుజాల మీదా వాన తుంపరలా రాలుతుంది. జక్కయ్య తలకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, ఒక సాలు నుంచి ఇంకో సాలుకు ఆగకుండా నడిచేవాడు. వెనక పైపు చిక్కుపడకుండా అందించేది, తొట్టిలో మందు కలిపి కర్రతో తిప్పేది అతని భార్య ఏసమ్మ.

వాళ్లది శామీర్‌పేట అవతల ఒక ఊళ్లో, చర్చి వెనకున్న వాడ. తోట జనార్ధన్‌రెడ్డి పటేలుది. జక్కయ్య తండ్రి ఆ భూమిలోనే నాగలి దున్నాడు. పొలం తోటయ్యాక కొడుకు చేతికి గన్ను వచ్చింది. తమ్ముడు జాషువా కూడా అదే తోటలో పని. జక్కయ్యకు ఒక్కతే కూతురు జాస్మిన్, ఊరి బడిలో చదువుతుండేది.

కొమ్మ కత్తిరింపులు అయ్యాక చలికాలం మొదలయ్యేసరికి పురుగు పడుతుంది. ఇగ రోజు మార్చి రోజు మందే. మధ్యాహ్నానికి జక్కయ్యకు కళ్లు మసకబారేవి. నోట్లో నీళ్లు ఊరేవి, కడుపులో మెలిపెట్టేది, చెమట ధారలు కట్టేది. వాడలో దాన్ని మందు ఎక్కడం అనేవారు. మజ్జిగ తాగి చెట్టు కింద కాసేపు పడుకుంటే దిగుతుందని అందరికీ నమ్మకం. ఎక్కువ ఎక్కితే ఆ రోజు అన్నం మానేసేవారు. అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఎక్కని వాడంటూ ఆ వాడలో లేడు కాబట్టి అదొక జబ్బని కూడా ఎవరికీ తోచలేదు.

తొంభై ఆరు నవంబరులో జక్కయ్యకు గజ్జలో పేగు జారి ఇరుక్కుంది. డ్రమ్ములు మోసేవాడు కాబట్టి అక్కడ చాలాకాలంగా గడ్డలాగా ఉబ్బుతూ ఉండేది, పడుకుంటే లోపలికి పోయేది. ఆ రోజు పోలేదు. రాయిలా గట్టిపడింది. తెల్లారేసరికి కడుపు ఉబ్బి ఆకుపచ్చగా వాంతులు చేసుకుంటున్నాడు. జనార్ధన్‌రెడ్డి తన జీపు పంపాడు, తనూ వెంట వచ్చాడు. మేడ్చల్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంకు చేర్చారు. దాన్ని నడిపే డాక్టరు భాస్కర్ కడుపు నొక్కి చూసి, వెంటనే కొయ్యకపోతే పేగు కుళ్లిపోతుందన్నాడు. మత్తు ఇచ్చే డాక్టరు కృష్ణారావు అల్వాల్ నుంచి స్కూటరు మీద వచ్చాడు.

జక్కయ్య అప్పటికే నీరసించి బీపీ పడిపోయి ఉన్నాడు కాబట్టి వెన్నులో ఇచ్చే సూది కుదరదన్నాడు కృష్ణారావు. పూర్తి మత్తే ఇవ్వాలి. కడుపు నిండా నీళ్లున్న మనిషికి మత్తిస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. అందుకని మత్తు ఎక్కగానే ఒంట్లోని కండరాలన్నీ ఒక్కసారి వదులయ్యే మందు ఇచ్చి, క్షణాల్లో గొంతులోకి గొట్టం దించాలి. ఆ మందు పేరు సక్సినైల్‌కోలిన్. దాని గొప్పతనమల్లా అది ఎంత తొందరగా పట్టుకుంటుందో అంత తొందరగా వదిలేస్తుంది. ఐదారు నిమిషాల్లో మనిషి మళ్లీ తన ఊపిరి తను తీసుకుంటాడు. కృష్ణారావు అది వందలమందికి ఇచ్చినవాడు. జక్కయ్యకూ ఇచ్చాడు. ఒళ్లంతా చర్మం కింద సన్నగా అదిరి వదులైంది. గొట్టం సులువుగా దిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. పేగు నల్లబడింది గాని చావలేదు. వేడినీళ్ల గుడ్డ కప్పి ఉంచితే ఎరుపెక్కింది. కడుపు కండరాలు అంత మెత్తగా సహకరించడం తానెప్పుడూ చూడలేదని భాస్కర్ సంతోషపడ్డాడు. ఆ మాటకు కృష్ణారావు సంతోషపడలేదు. ఐదు నిమిషాల మందు ఇచ్చాడు. కుట్లు కూడా అయిపోతున్నాయి. జక్కయ్య ఇంకా ఊపిరి తీసుకోవడం లేదు. అంతసేపూ రబ్బరు సంచి ఒత్తుతూ తనే గాలి పంపుతున్నాడు.

మత్తు గ్యాసు ఆపి చూశాడు. ఛాతీ కదల్లేదు.

"రివర్సల్ ఇచ్చెయ్యండి డాక్టర్ గారూ, ఏం చూస్తున్నారు?" అన్నాడు భాస్కర్.

నర్సు అప్పటికే నియోస్టిగ్మిన్ సిరంజిలోకి తీసింది. కృష్ణారావు దాన్ని చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. రోగి కనురెప్ప ఎత్తి చూశాడు. నల్లగుడ్డు మధ్య పాప సూదిమొనంత ఉంది. నుదురంతా చెమట. సంచి నర్సు చేతిలో పెట్టి తలుపు తీసుకుని వసారాలోకి వచ్చాడు.

"ఈయన ఏం పని చేస్తాడు?"

"తోటల మందు కొడ్తడు సారూ," అంది ఏసమ్మ.

"నిన్న కొట్టాడా?"

"నిన్న, మొన్న... ఈ నెలంత గదే పని."

కృష్ణారావు లోపలికి వచ్చి సిరంజి ట్రేలో పెట్టేశాడు. "ఇది ఇస్తే చంపినవాళ్లమవుతాం," అన్నాడు భాస్కర్‌తో. "ఇది వేరే రకం మందులకు విరుగుడు. నేనిచ్చినదాన్ని నెత్తురులో ఉండే ఒక పదార్థం ముక్కలు చెయ్యాలి. పురుగుమందు ఈయన నెత్తురులో దాన్ని నాశనం చేసింది. ఇప్పుడు ఈ సూది వేస్తే మిగిలిన కాస్తా పోతుంది."

"మరి విరుగుడు?"

"లేదు. అది దానంతటది పోవాలి. పోయేదాకా మనం గాలి కొట్టాలి."

ఆ నర్సింగ్ హోంలో ఊపిరి ఆడించే మిషను లేదు. ఉన్నది ఆక్సిజన్ సిలిండరు, చేత్తో ఒత్తే సంచి.

తాజా నెత్తురు ఎక్కిస్తే దానిలోని ఆ పదార్థం కొంత సాయం చేస్తుందన్న ఆలోచన కృష్ణారావుకు వచ్చింది. మళ్లీ వసారాలోకి వెళ్లాడు. అక్కడ ఏసమ్మ, జాషువా, వాడ నుంచి వచ్చిన మరో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు.

"మీలో తోట పని చెయ్యనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత అందరి చూపులూ బెంచీ మీద కూర్చున్న జనార్ధన్‌రెడ్డి వైపు తిరిగాయి. తోట ఆయనదే గాని మందు వాసన ఏనాడూ ఆయన ఒంటికి అంటలేదు.

"నాకు షుగరుంది," అన్నాడు జనార్ధన్‌రెడ్డి లేచి నిలబడి. "ఫోన్ చేసొస్త. ఎవరినన్న పంపిస్త."

ఆయన మెట్లు దిగి వెళ్లాడు. జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఎవరూ రాలేదు.

లోపల జక్కయ్యకు మెలకువ వచ్చింది.

మొదట గొంతులో కట్టె దిగగొట్టినట్టు నొప్పి తెలిసింది. తరువాత గజ్జలో మంట. కళ్లు తెరవబోతే రెప్పలు కదల్లేదు. చెయ్యి ఎత్తబోతే చెయ్యి ఉన్నట్టే లేదు. అరుద్దామనుకున్నాడు. ఊపిరి కూడా తనది కాదు. ఎవరో తోస్తే లోపలికి వస్తోంది, వదిలితే పోతోంది. తను చచ్చిపోయాడనుకున్నాడు. చచ్చినవాడికి నొప్పి ఎందుకని అనుకున్నాడు. పాస్టరు గారు చెప్పే పాతాళం ఇదేనేమో, ఇలాగే ఎప్పటికీ ఉండాలేమో అనిపించి, ఏడుపు వచ్చింది. ఏడుపు కూడా బయటికి రాలేదు.

కాసేపటికి చెవి దగ్గర ఎవరిదో గొంతు వినిపించింది. "జక్కయ్యా, నేను మత్తు డాక్టర్ని. నీకు వినిపిస్తూ ఉండొచ్చు. నువ్వు బతికే ఉన్నావు. కండరాలు కట్టేసిన మందు ఇంకా దిగలేదు, అంతే. దిగుతుంది. నిద్రపట్టడానికి సూది ఇస్తున్నా." ఆ మాటలు పట్టుకునే అతను ఆ పూట గడిపాడు. సూది ఇచ్చినప్పుడు మునిగిపోయేవాడు. దాని జోరు తగ్గగానే మళ్లీ తేలేవాడు. బీపీ ఇంకా కిందనే ఉండడంతో కృష్ణారావు ఎక్కువ ఇవ్వడానికి భయపడ్డాడు.

సంచి చేతులు మారుతూ వచ్చింది. డాక్టరు, నర్సు, జాషువా. మధ్యాహ్నం దాటాక ఏసమ్మకు నేర్పించారు. ఇంత ఒత్తాలి, ఇంత వదలాలి, ఆపకూడదు. కృష్ణారావుకు అల్వాల్‌లో ఇంకో ఆపరేషన్ ఉంది, ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. ఆయన కదల్లేదు. గుమ్మం దాకా ఫోను తీగ లాగి మాట్లాడుతూనే ఏసమ్మ చేతుల్ని చూస్తున్నాడు.

అప్పుడు జక్కయ్య పైకి తేలి ఉన్నాడు. తమ్ముడి గొంతు పోల్చుకున్నాడు.

"వదినా, ఇగ అన్న లేడేమోనే. ఊకె గాలి కొడ్తున్నమేమో."

కాసేపటికి ఏసమ్మ గొంతు వినిపించింది, జక్కయ్య ఎరగనంత నెమ్మదిగా.

"సారూ, నేను ఒత్తుడు ఆపితే గీనకు తెలుస్తదా?"

తరువాతి గాలి రాలేదు. ఛాతీ ఎదురుచూసింది. గాలి రాలేదు. తలకాయలో నెత్తురు కొట్టుకోవడం ఒక్కటే జక్కయ్యకు వినిపించింది. డాక్టరు "ఆపకమ్మా!" అని కేకవేశాడు. గాలి వచ్చింది.

దీపాలు పెట్టేవేళకు అతని నుదుటి మీద చర్మం ముడతపడింది. తరువాత చిటికెనవేలు కదిలింది. ఇంకాసేపటికి సంచి ఒత్తకుండానే, పసిపిల్లవాడిలా చిన్నగా, ఊపిరి తీశాడు. నర్సు గట్టిగా ఏడ్చేసింది. ఏసమ్మ మాత్రం గోడకు ఆనుకుని, వంకర్లు పోయిన వేళ్లను ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఇంటికి పంపేముందు కృష్ణారావు మళ్లీ వచ్చి మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "నువ్వు ఏం పని చేస్తావో ముందే అడగాల్సింది. తొందరలో అడగలేదు. ఆ తప్పు నాది," అన్నాడు. "ఇప్పుడు నేను చెప్పేది విను. చెట్లకు కొట్టే మందు పురుగును ఎలా చంపుతుందో నిన్నూ అలాగే చంపుతుంది, కాకపోతే మెల్లగా. మళ్లీ గన్ను పట్టుకోకు."

"పట్టుకోకపోతే ఎట్ల బతకాలె సారూ?"

కృష్ణారావు స్టూలు వెనక్కి జరిపి లేచాడు.

ఇంటికి వచ్చాక జక్కయ్య భార్యతో మాట్లాడటం తగ్గించాడు. అన్నం పెడితే తినేవాడు. చీకటంటే భయపడేవాడు. దుప్పటి ముఖం మీదికి వస్తే ఉలిక్కిపడి లేచేవాడు. జాస్మిన్ వచ్చి పక్కన కూర్చుంటే కూతురి చేతిని గట్టిగా పట్టుకునేవాడు. కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు, పొయ్యి దగ్గర రొట్టె చేస్తున్న ఏసమ్మతో ఉన్నట్టుండి అన్నాడు.

"నువ్వు ఆపినవ్."

ఏసమ్మ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. "నీకు ఇనవడ్డదా?"

"అంత ఇనవడ్డది. ఆపితే తెలుస్తదా అన్నవ్. ఆపినవ్."

ఆమె అబద్ధం చెప్పలేదు. "ఆపిన," అంది. "నా చేతులు సచ్చిపోయినయి. నీ మొకం సూస్తె పీనుగ మొకం. బిడ్డ ఇంట్ల ఒక్కతే ఉన్నది. ఇంగ ఎందుకు అనిపించింది. అనిపించింది, ఆపిన. మల్ల ఒత్తిన."

"డాక్టర్ ఒర్రితె ఒత్తినవ్."

"ఆయన ఒర్రక ముందే ఒత్తిన్నో, ఒర్రినంకనే ఒత్తిన్నో నాకె ఎర్కలేదు. నువ్వు ఎట్ల అనుకుంటె గట్ల."

ఆ మాట మీద వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. రొట్టె మాడింది. ఇద్దరూ అదే తిన్నారు.

తోటలో పురుగు ఆగదు కదా. జనార్ధన్‌రెడ్డి కబురు పంపాడు. జక్కయ్య వచ్చి గన్ను పట్టుకుంటే సరి, లేకుంటే బౌరంపేట నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటానన్నాడు. పోతానని జక్కయ్య లేచాడు. ఏసమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు పోకు. గన్ను నేను వడ్త."

"ఆడిదానివి, నువ్వేంది మందు కొట్టుడు?"

"పైపు పట్టినదాన్ని గన్ను పట్టలేనా? నువ్వు ఇంకోసారి గట్ల పంటె ఒత్తనీకె నాతోని కాదు. నాతోని అయితే కాదు," అంది. అప్పుడు మొదటిసారి ఏడ్చింది.

అలా వాళ్ల పనులు తారుమారయ్యాయి. ఏసమ్మ ముందు గన్నుతో, జక్కయ్య వెనక పైపుతో. తొట్టి దగ్గరికి అతన్ని రానిచ్చేది కాదు, కలపడం కూడా తనే. జక్కయ్య తన నిండుచేతుల చొక్కా ఆమెకు తొడిగించేవాడు. ముక్కుకు గుడ్డ కట్టించేవాడు. సాయంత్రం ఆమె బట్టలు వేరే బకెట్లో నానబెట్టి తనే ఉతికేవాడు. మగవాళ్లు నవ్వేవారు. ఎండ ముదిరాక ఉక్కకు ఊపిరాడక ఏసమ్మ ముక్కు గుడ్డ లాగేసేది. అతను కేకలు వేసేవాడు, ఆమె వినేది కాదు. వాళ్ల మధ్య మాటలు మళ్లీ మొదలైంది ఈ కేకలతోనే.

రెండు పంటలు అలా గడిచాయి. తొంభై ఎనిమిది నవంబరులో పురుగు ఎన్నడూ లేనంత పడింది. గాలి బొత్తిగా లేదు. కొట్టిన మందు పందిరి కింద పొగమంచులా నిలిచిపోయింది. ఏసమ్మ పొద్దుటి నుంచి కొడుతూనే ఉంది. తోట చివరి సాళ్లలో ఉండగా గన్ను దగ్గర పైపు జాయింటు ఊడి, మందు ధారగా ఆమె మెడ మీదా ఛాతీ మీదా కొట్టింది. జక్కయ్య అవతలి చివర ఉన్నాడు. అతను మందు పంపు ఇంజను ఆపి పరుగెత్తుకు వచ్చేసరికి ఆమె జాయింటు బిగిస్తోంది.

"కడుక్కో పా," అన్నాడు.

"రెండు సాళ్లున్నయ్. అయిపోగొట్టి కడుక్కుంట."

ఆ రెండు సాళ్లు అయిపోలేదు. ఆమె మోకాళ్ల మీద కూలబడింది. నోటి నుంచి నురగ, కళ్ల నుంచి నీళ్లు. జక్కయ్య ఆమె బట్టలు అక్కడే చింపేసి, బోరు కింద కూర్చోబెట్టి సబ్బుతో కడిగాడు. కడుగుతుండగానే ఆమె చేతులు, భుజాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదరడం చూశాడు. తరువాత తల వాలిపోయింది.

పటేలు జీపు అల్వాల్ వైపు పరుగెత్తింది. కృష్ణారావు పనిచేసే చిన్న ఆసుపత్రి అక్కడే. ఆయన ఏసమ్మను చూడగానే గొంతులో గొట్టం వేసి, ఒక సూది తరువాత ఒక సూదిగా అట్రోపిన్ ఇచ్చాడు. నురగ తగ్గింది. ఊపిరి మాత్రం రాలేదు. "ఇప్పుడు ఆ పురుగుమందే ఈమె కండరాలను పట్టేసింది," అన్నాడు. "మిషను ఉన్నచోటికి పోవాలి. సికింద్రాబాదు పెద్దాసుపత్రికి." అంబులెన్సు దొరకలేదు. జీపు వెనకసీట్లో ఏసమ్మను పడుకోబెట్టి, పక్కన సిలిండరు పెట్టి, రబ్బరు సంచి జక్కయ్య చేతిలో ఉంచాడు. నేర్పబోతే జక్కయ్య వద్దని తల ఊపాడు. తన ఛాతీకి ఎంత గాలి సరిపోయిందో అతనికి తెలుసు.

దారి పొడుగునా ఆమె చెవి దగ్గర వంగి మాట్లాడుతూనే ఉన్నాడు. ముందు సీట్లో కూర్చున్న జాషువా అది తరువాత చాలామందికి చెప్పాడు.

"ఏసూ, నువ్వు ఇంటున్నవ్. నాకెర్క. కదలకొస్తలేదని భయపడకు, గది మందు. నేనే ఒత్తుతున్న. ఆపను. లోతుకుంట దాటినం. గతుకుంది సూడు, ఇగ వస్తది... వచ్చింది. జాస్మిన్ పిన్ని ఇంట్ల ఉంది, తిన్నది. తిర్మలగిరి వచ్చినం. నీ చేతులు తిమ్మిరెక్కినయని నాకు అప్పుడు తెల్వలేదు. ఇప్పుడు తెలుస్తున్నది. నాకూ ఎక్కినయి. ఆపుతనని అనుకోకు. నువ్వు ఆపినా నాకు కోపం లేదు. ఉండె. లేదు ఇప్పుడు."

ఆమె వింటోందో లేదో ఎవరికీ తెలియదు. కనుకొనల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అవి మందుకైనా కారతాయి.

పెద్దాసుపత్రిలో మిషను మీద పెట్టారు. రెండోరోజు కళ్లు తెరిచింది, జక్కయ్యను గుర్తుపట్టింది, వేలితో అతని అరచేతిని గీరింది. అతనికి ఆశ కలిగింది. మూడోరోజు మెడ మళ్లీ పట్టు తప్పింది. గుండె కొట్టుకోవడం నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది.

మార్చురీ దగ్గరికి వచ్చిన పోలీసాయన అడగకముందే కాగితం మీద రాసుకున్నాడు, పురుగుల మందు తాగి అని. జనార్ధన్‌రెడ్డి జక్కయ్యను పక్కకు తీసుకుపోయాడు.

"అట్లనే ఉండనీ జక్కా. తాగింది అంటె నీకూ నాకూ పరేషాన్ ఉండది. మట్టి ఖర్చు నేను సూసుకుంట. బిడ్డను సదివిపిస్త."

"నా భార్య మందు తాగలే పటేలా," అన్నాడు జక్కయ్య. "నీ తోటకు మందు కొట్టింది."

"నోరు లేస్తున్నదిరా నీకు. తాగలేదంటె నువ్వే తాగిపిచ్చినవంటరు. కొట్లాటలున్నయని వాడ మొత్తానికి ఎర్క."

"అననీ."

ఆ పూట పాస్టరు గారు కూడా ఎటూ చెప్పలేకపోయాడు. తనంతట తను ప్రాణం తీసుకున్న మనిషికి చర్చి స్థలంలో చోటిస్తే సంఘం ఒప్పుకోదేమోనన్నాడు. జక్కయ్య ఎవరినీ బతిమాలలేదు. బస్సెక్కి అల్వాల్ వెళ్లి, కృష్ణారావు ఇంటి ముందు నిలబడ్డాడు. ఆయన చెప్పులు వేసుకుని అలాగే వెంట వచ్చాడు. స్టేషన్‌లో కూర్చుని, మందు నోట్లోంచే పోనక్కర్లేదనీ, చర్మంలోంచి పోతుందనీ, ఈమెకు అలాగే పోయిందనీ, మెడ మీదా ఛాతీ మీదా ఒరిసిపోయి ఉన్న చర్మాన్ని తను చూశాననీ చెప్పాడు. చాలాసేపు చెప్పాల్సి వచ్చింది. మధ్యలో పోలీసాయన టీ తెప్పించుకుని తాగాడు. చివరికి ప్రమాదమని రాశారు. ఏసమ్మను చర్చి వెనకే పెట్టారు.

ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఏ తోటలోనూ జక్కయ్యకు పని దొరకలేదు. అతను అడగనూ లేదు. జాస్మిన్‌ను తీసుకుని సూరారం వెళ్లిపోయాడు. అక్కడ ఒక ఫ్యాక్టరీలో లారీల నుంచి డబ్బాలు దించే పని. డబ్బాల్లో ఏముందని చేరేముందే అడిగాడు. బిస్కెట్లకు వేసే పిండి అన్నారు. ఒక డబ్బా మూత తీయించి, వాసన చూసి అప్పుడు చేరాడు. జాషువా తోటలోనే ఉండిపోయాడు. రెండువేల నాలుగులో తోటలు తీసేసి ప్లాట్లు చేసేదాకా మందు కొట్టాడు. ఇప్పుడతనికి చేతులు వణుకుతాయి. చెంబు రెండు చేతులతో పట్టుకుంటాడు.

రెండువేల ఆరులో జక్కయ్యకు రెండోవైపు గజ్జలో పేగు జారింది. నెలల తరబడి గుడ్డ బిగించి కట్టుకుని తిరిగాడు. అప్పటికి ఇంటర్ అయిపోయి బట్టల దుకాణంలో పనిచేస్తున్న జాస్మిన్ బలవంతంగా అల్వాల్ తీసుకుపోయింది. కృష్ణారావు జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆయన నెత్తురు తీయించి, ఆ పదార్థం ఎంతుందో పరీక్ష చేయించాడు.

"బాగుంది జక్కయ్యా. మామూలు మనిషికి ఎంతుండాలో అంతుంది."

"ఎన్నడు బాగైంటది సారూ?"

"మందు ముట్టుకోవడం ఆపాక రెండు మూడు నెలల్లో దానంతటదే ఊరుతుంది."

"రెండు మూడు నెలలేనా?"

"అంతే."

"ఒక్క పంట ఆపితే సరిపోతుండె," అన్నాడు జక్కయ్య. ఎవరి గురించి అంటున్నాడో కృష్ణారావుకు అర్థమై, తల వంచుకున్నాడు.

పూర్తి మత్తు వద్దన్నాడు జక్కయ్య. వెన్నులో సూది ఇచ్చారు. నడుము కింద ఒళ్లు మాయమవుతున్నప్పుడు అతని ముఖమంతా చెమట పట్టింది. కృష్ణారావు తలవైపు కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అవతల సర్జనూ సహాయకుడూ పని చేసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. శామీర్‌పేట అవతల కొత్త వెంచరట, పాత ద్రాక్షతోటల జాగా, నేల మంచిదట, నీళ్లకు కొదవలేదట.

"గా తోట్ల నేను పని చేసిన సారూ," అన్నాడు జక్కయ్య గుడ్డకు ఇవతలి నుంచి.

"ఔనా? ఏం పని?"

"మందు కొట్టిన. నేనూ నా భార్యా."

"మంచి పళ్లు వచ్చేవి అక్కడ," అన్నాడు సర్జన్, కుట్టు వేస్తూ.

ఊపిరి బాగా ఆడుతోందా అని కృష్ణారావు అడిగితే జక్కయ్య ఆడుతోందన్నాడు. మూడోరోజు జాస్మిన్ వచ్చి బిల్లు కట్టి, తండ్రిని సూరారం బస్సు ఎక్కించింది. కిటికీ పక్కన కూర్చుంటానన్నాడు. ఎండ ముఖం మీద పడుతోందని ఆమె కిటికీ తలుపు దించబోతే, వద్దమ్మా, తీసే ఉండనీ అన్నాడు.